ఆరు వందల సిస్టమ్‌ల మార్పిడి: చెయ్యి పడిన ప్రతిసారీ ఖర్చే

విజయవాడ బందరు రోడ్డులో హెడ్డాఫీసు, గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలు, తెనాలి, నరసరావుపేట, చిలకలూరిపేట లాంటి ఊళ్ళలో బ్రాంచీలు, హైదరాబాద్‌లో ఒక మార్కెటింగ్ ఆఫీసు ఉన్న వ్యవసాయోత్పత్తుల కంపెనీ కేసు ఇది. పేరు రాయడం లేదు, అంకెలు రౌండ్ చేశాం. మొత్తం 31 చోట్ల 600 సిస్టమ్‌లు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది కనుక అన్నీ మార్చేయాలన్నది మేనేజ్‌మెంట్ మొదటి మాట. 600 కొత్తవాటికి కొటేషన్లు కూడా తెప్పించారు.

కొటేషన్‌లో కనపడేది మిషన్ ధర ఒక్కటే. దాని మీద ఎంత బేరమాడినా తగ్గేదానికి ఒక హద్దుంది. అసలు జారిపోయే డబ్బు వేరే చోట ఉంది. డబ్బా విప్పిన దగ్గర్నుంచి యూజర్ తన పనిలో కూర్చునేదాకా ఆ మిషన్ మీద ఎన్నిసార్లు మనిషి చెయ్యి పడుతుందో అన్నిసార్లు ఖర్చవుతుంది. అంతకుముందు ఇక్కడ నడిచిన పద్ధతి చాలా ఆఫీసుల్లో ఉన్నదే. డబ్బా విప్పడం, ఫార్మాట్ కొట్టి ఓఎస్ వేయడం, డ్రైవర్లు, ఆఫీస్, యాంటీవైరస్, ప్రింటర్, తర్వాత సీటు దగ్గరికి మోసుకెళ్ళి పాత డేటా కాపీ చేయడం. నాలుగు రోజుల తర్వాత "సార్, ఆ ఫోల్డర్ రాలేదు" అని ఫోన్ వస్తే మళ్ళీ వెళ్ళడం. ఒక్కో సిస్టమ్‌కు నాలుగు గంటలు వేసుకుంటే 600కు 2,400 గంటలు, అంటే రోజుకు 8 గంటల చొప్పున 300 పనిదినాలు. ఇందులో ప్రయాణం కలపలేదు. విజయవాడ నుంచి నరసరావుపేట వెళ్ళి రావడానికే ఒక పూట పోతుంది కాబట్టి మర్చిపోయిన ఒక్క ఫోల్డర్ ఖరీదు ఒక పూట.

ఈ ప్రాజెక్టులో ప్రతి నిర్ణయాన్నీ ఒకే ప్రశ్నతో తూచారు: దీనివల్ల ఒక చెయ్యి తగ్గుతుందా, పెరుగుతుందా?

అన్నీ మార్చాల్సిన పని లేదు

మొదటి రెండు వారాలూ ఒక్క మిషన్ కూడా కొనకుండా ఉన్నవాటి లెక్క తీశారు. ప్రాసెసర్, ర్యామ్, ఖాళీ ర్యామ్ స్లాట్ ఉందా, డిస్కు హెచ్‌డీడీనా ఎస్‌ఎస్‌డీనా, మిషన్‌ను మొదట లేపే బయోస్ పాత లెగసీ పద్ధతిలో ఉందా కొత్త యూఈఎఫ్ఐలో ఉందా, టీపీఎమ్ అనే సెక్యూరిటీ చిప్ ఏ వెర్షన్ అన్నవి ఒక స్క్రిప్టుతో ఎక్సెల్‌లోకి వచ్చాయి. విండోస్ 11కు ఇంటెల్ అయితే 8వ తరం, ఏఎమ్‌డీ అయితే రైజెన్ 2000 సిరీస్ నుంచి దాదాపు అన్నీ పనికొస్తాయి. ఐ5-8400 సరిపోతుంది, ఐ5-7500 సరిపోదు.

"పనికిరావు" అని పక్కన పెట్టిన జాబితాలో చాలా మిషన్లకు లోపం ప్రాసెసర్‌లో లేదు. టీపీఎమ్ బయోస్‌లో ఆఫ్ చేసి ఉంది. ఇంటెల్ బోర్డుల్లో దీన్ని పీటీటీ అంటారు, ఏఎమ్‌డీలో ఎఫ్‌టీపీఎమ్. ఆన్ చేస్తే చాలు. ఎస్‌ఎస్‌డీ ఉండి లెగసీ మోడ్‌లో నడుస్తున్నవాటికి విండోస్‌తోపాటే వచ్చే ఎమ్‌బీఆర్‌టుజీపీటీ టూల్ డిస్కును చెరపకుండానే యూఈఎఫ్ఐకి పనికొచ్చేలా మార్చేస్తుంది. ప్రైమరీ పార్టిషన్లు మూడుకు మించి ఉంటే మాత్రం ఆగిపోతుంది. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే ముందు సస్పెండ్ చేయాలి. మార్చాక బయోస్‌లోకి వెళ్ళి యూఈఎఫ్ఐ పెట్టకపోతే మిషన్ బూట్ కాదు. ఫోన్లు వచ్చేది ఇక్కడే.

చివరికి 170 సిస్టమ్‌లు కొత్త ఎస్‌ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్‌తో ఇంకొన్నేళ్ళు నడుస్తాయని తేలింది. వీటిలో పాత డిస్కును ఉన్నదున్నట్టు కాపీ కొట్టే క్లోనింగ్ చేయలేదు. పాత హెచ్‌డీడీ తీసి, సీటు నంబరు రాసిన స్టిక్కర్ అంటించి, తాళం వేసిన అలమరాలో 30 రోజులు ఉంచారు. కొత్త ఎస్‌ఎస్‌డీ మీద విండోస్ 11 కొత్తగా వేశారు. ప్రో ఎడిషన్ కీ బయోస్‌లోనే ఉంటుంది కనుక యాక్టివేషన్ దానంతటదే అవుతుంది. ఫైలు ఏదైనా మిస్సయితే ఆ హెచ్‌డీడీ ఉంది, డేటా పోయిందన్న భయం లేదు.

సపోర్టు ఆగాక కూడా విండోస్ 10కు డబ్బు కడితే దొరికే ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్లు కొనుక్కుని నెట్టుకొద్దామన్న సలహా కూడా వచ్చింది. కంపెనీలకు దాని ధర మిషన్‌కు మొదటి ఏడాది 61 డాలర్లు, ఏటా రెట్టింపు. మూడేళ్ళకు 61, 122, 244 కలిపి 427 డాలర్లు. పైగా రెండో ఏడాదిలో చేరినా మొదటి ఏడాది డబ్బు కట్టాల్సిందే. కాటాల దగ్గరున్న తొమ్మిది సిస్టమ్‌లకు మాత్రం ఒక్క ఏడాదికి తీసుకున్నారు. ఎందుకో కింద వస్తుంది.

ఆర్డర్‌లో రాయాల్సినవి

కొనాల్సినవి 430కి దిగాయి. ఆర్డర్ కాగితంలో రాయించుకున్నది తర్వాత చేతితో చేయక్కర్లేదు. అందుకే ధర మీద పట్టిన పట్టు కంటే ఈ మాటల మీద పట్టిన పట్టే ఎక్కువ ఆదా చేసింది.

మిషన్ ఫ్యాక్టరీ నుంచే విండోస్ 11 ప్రోతో రావాలి. షోరూమ్ కౌంటర్‌లో చవగ్గా దొరికే మోడళ్ళలో హోమ్ సింగిల్ లాంగ్వేజ్ ఉంటుంది. దాన్ని కంపెనీ డైరెక్టరీలో చేర్చలేం. ప్రోకు మార్చాలంటే లైసెన్సు డబ్బూ, మళ్ళీ ఒక చెయ్యీ. ప్రతి మిషన్ హార్డ్‌వేర్ హ్యాష్‌ను, అంటే దాని గుర్తింపు కోడ్‌ను, సప్లయరే కంపెనీ ఆటోపైలట్ (కొత్త మిషన్‌ను నెట్ ద్వారా దానంతటదే సిద్ధం చేసే మైక్రోసాఫ్ట్ సదుపాయం) ఖాతాలో నమోదు చేయాలి. అసెట్ నంబరు డబ్బా మీద, మిషన్ మీద, బయోస్‌లో ఒకటే ఉండాలి. మొదటి లాట్‌లో వచ్చిన వైఫై కార్డే చివరి లాట్‌లోనూ ఉండాలి, మారితే ముందే చెప్పాలి. లాట్‌కు 60, వారానికి ఒక లాట్, అంతకు మించి వద్దు. వారంటీ ఇన్‌వాయిస్ తేదీ నుంచే మొదలవుతుంది, గోడౌన్‌లో పేర్చిపెట్టిన మిషన్ వారంటీ రోజూ కరిగిపోతూనే ఉంటుంది. ఇంకో సంగతి: 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు గ్రౌండ్ ఫ్లోర్ సామాన్ల గతి ఏమైందో బెజవాడలో ఎవరికీ చెప్పక్కర్లేదు. స్టాకు తక్కువ ఉంచుకోవాలి, అదీ మొదటి అంతస్తుకు పైనే పెట్టుకోవాలి.

ఆటోపైలట్‌కు మిషన్లను దూరం నుంచి అదుపు చేసే ఇంట్యూన్, యూజర్ల లాగిన్లు చూసే ఎంట్రా ఐడీ పీ1 లైసెన్సులు కావాలి. ఈ కంపెనీ అవి కలిసి ఉన్న ప్లాన్‌కు అప్పటికే డబ్బు కడుతూ మెయిల్‌కు మాత్రమే వాడుకుంటోంది. ఇలాంటి కంపెనీలు చాలానే ఉంటాయి, కొత్త టూల్ కొనేముందు మీ లైసెన్సుల జాబితా ఒకసారి తీసి చూడండి. ఈ రెండూ ఉండే మైక్రోసాఫ్ట్ బిజినెస్ ప్రీమియమ్ ప్లాన్ మాత్రం 300 మంది యూజర్ల దాకానే.

స్టేజింగ్ గది

నేరుగా బ్రాంచికి డబ్బా పంపి యూజర్‌తోనే ఆన్ చేయిద్దామన్నది మొదటి ఆలోచన. కాగితం మీద అది అన్నిటికంటే చవక. ప్రయోగంగా మూడు బ్రాంచీల్లో చేసి చూస్తే రెండు చోట్ల ఆగిపోయింది, కారణం నెట్ స్పీడు. ఆఫీస్, అప్‌డేట్లు, సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కలిపి ఒక్కో మిషన్ 8 జీబీ దాకా లాగుతుంది. బ్రాంచిలో 10 ఎమ్‌బీపీఎస్ లైను ఉంటే, అదీ పూర్తిగా ఈ ఒక్క మిషన్‌కే దొరికితే, 8 జీబీకి 6,400 సెకన్లు, అంటే 107 నిమిషాలు. పని ఎంతవరకూ వచ్చిందో చూపే ఎన్‌రోల్‌మెంట్ స్టేటస్ పేజీ డిఫాల్ట్‌గా 60 నిమిషాలే ఆగుతుంది. ఆ తర్వాత ఎర్రర్ చూపిస్తుంది, యూజర్ ఫోన్ చేస్తాడు, ఇంజనీరు బండెక్కుతాడు. టైమ్ పెంచితే ఎర్రర్ పోతుంది, లైను మాత్రం వేగంగా అవ్వదు.

అందుకని హెడ్డాఫీసు రెండో అంతస్తులో ఒక గది తీసుకుని ప్రీ-ప్రొవిజనింగ్‌కు, అంటే మిషన్‌ను ముందే సిద్ధం చేసి పంపే పద్ధతికి మారారు. మిషన్ ఆన్ చేసి మొదటి స్క్రీన్ రాగానే విండోస్ కీ అయిదుసార్లు నొక్కితే టెక్నీషియన్ మెనూ వస్తుంది. బరువైన డౌన్‌లోడ్లన్నీ అక్కడే అయిపోతాయి. పచ్చ స్క్రీన్ వస్తే రీసీల్ నొక్కి మళ్ళీ డబ్బాలో పెట్టడమే. బ్రాంచిలో యూజర్ లాగిన్ అయినప్పుడు దిగాల్సింది కొంచెమే ఉంటుంది.

గదిలో పెట్టింది 24 పోర్టుల గిగాబిట్ స్విచ్ ఒకటి, 20 కేబుళ్ళు, యూఎస్‌బీ-సీ నుంచి లాన్‌కు మార్చే డాంగిళ్ళు 20, బార్‌కోడ్ రీడర్ ఒకటి, ఏసీ ఒకటి. డాంగిళ్ళు ఎందుకంటే వైఫై అయితే ప్రతి మిషన్‌లో ముందు భాష, కీబోర్డు ఎంచుకుని కనెక్ట్ చేయాలి, అది ఇంకో చెయ్యి. కేబుల్ అయితే ఆ పని లేదు, కానీ పల్చటి ల్యాప్‌టాప్‌లకు లాన్ పోర్టు ఉండదు. కరెంటు లెక్క ముందే చూసుకోవాలి. 65 వాట్ల అడాప్టర్లు 20 అంటే 1,300 వాట్లు, 230 వోల్టుల మీద అయిదున్నర ఆంపియర్లు దాటుతుంది. ఒకే 5 ఆంపియర్ల బోర్డు నుంచి ఎక్స్‌టెన్షన్ల మీద ఎక్స్‌టెన్షన్లు తగిలిస్తే బ్యాచ్ మధ్యలో ట్రిప్ అవుతుంది. రెండు వేర్వేరు 15 ఆంపియర్ల లైన్ల మీద పదేసి చొప్పున పంచారు.

ఫైర్‌వాల్‌లో ఎస్‌ఎస్‌ఎల్ ఇన్‌స్పెక్షన్ (వచ్చిపోయే డేటాను మధ్యలో విప్పి చూడటం) ఆన్‌లో ఉన్న నెట్‌వర్క్ మీద ఈ పని సాగదు. టీపీఎమ్ ధ్రువీకరణ తయారీదారు సర్వర్‌తో మాట్లాడాలి, మధ్యలో సర్టిఫికెట్ మారితే ఎర్ర స్క్రీనే. స్టేజింగ్‌కు వేరే వీలాన్ (విడి నెట్‌వర్క్ భాగం) ఇచ్చి ఇన్‌స్పెక్షన్ తీసేశారు. బయోస్ గడియారం తప్పు తేదీ చూపిస్తున్నా ఇదే ఇబ్బంది, కాబట్టి ఎర్ర స్క్రీన్ వస్తే ముందు తేదీ చూడాలి. ఇంకో ఉచ్చు, ఇంట్యూన్‌లో కొన్ని యాప్‌లను ఎమ్ఎస్ఐగా, కొన్నిటిని విన్32గా, అంటే రెండు రకాల ప్యాకేజీలుగా కలిపి పెట్టడం. రెండూ ఒకేసారి ఇన్‌స్టాల్ కావడానికి పోటీ పడి ఒకటి ఫెయిలవుతుంది. అన్నిటినీ విన్32గానే ప్యాక్ చేసుకోవాలి. స్టేటస్ పేజీలో తప్పనిసరి యాప్‌లుగా సెక్యూరిటీ, వీపీఎన్, ఆఫీస్ మూడే పెట్టారు, మిగతావి లాగిన్ అయ్యాక నెమ్మదిగా దిగుతాయి.

రోజుకు రెండు బ్యాచ్‌లు, 40 మిషన్లు. ఇద్దరు మనుషులు. మిషన్‌కు నిజంగా చెయ్యి పడే సమయం 15 నిమిషాలు, మిగతాది మిషన్ పని అది చేసుకోవడమే.

బ్యాచ్‌లో ఒక మిషన్‌ను ఇరవై నిమిషాల ముందు మొదలుపెడితే, మిగతా 19 ఇంటర్నెట్‌కు పోకుండా దాని దగ్గర్నుంచే చాలా భాగం లాక్కుంటాయి. విండోస్‌లోని డెలివరీ ఆప్టిమైజేషన్ చేసే పని ఇది. మిషన్ల మధ్య టీసీపీ 7680 పోర్టు తెరిచి ఉండాలి, మిషన్లను ఒకదానితో ఒకటి మాట్లాడనివ్వని క్లయింట్ ఐసొలేషన్ ఉండకూడదు.

ఇదే సదుపాయం బ్రాంచీల్లో ఎదురు తిరిగింది. అన్ని బ్రాంచీల ఇంటర్నెట్టూ వీపీఎన్ ద్వారా విజయవాడకు వచ్చి ఒకే పబ్లిక్ ఐపీ నుంచి బయటికి పోతోంది. డిఫాల్ట్ మోడ్‌లో ఒకే పబ్లిక్ ఐపీ వెనక ఉన్నవన్నీ ఒకే ఆఫీసులో ఉన్నట్టే లెక్క. దాంతో చిలకలూరిపేట మిషన్ పక్క సీటును వదిలేసి విజయవాడ మిషన్ల నుంచి వీపీఎన్ మీదుగా ఫైళ్ళు లాగడం మొదలుపెట్టింది. పది గంటల వేళ బిల్లింగ్ నిలిచిపోతే తప్పు కొత్త సిస్టమ్‌ల మీద వేశారు. ప్రతి బ్రాంచిలో మిషన్లకు ఐపీ నంబర్లు పంచే డీహెచ్‌సీపీలో 234 ఆప్షన్‌కు వేరే గ్రూప్ ఐడీ ఇచ్చి, గ్రూప్ మోడ్‌కు మార్చాక సర్దుకుంది. వీపీఎన్ ద్వారా నడిచే బ్రాంచీలు ఉంటే ఇది మొదటి రోజే చేయాల్సిన పని.

డీ డ్రైవ్, ట్యాలీ, కాటా

మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అయిన వన్‌డ్రైవ్, పాలసీ పెట్టి ఉంటే, డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లను తనంతట తనే పైకి తీసుకుంటుంది. మన ఆఫీసుల్లో సగం జీవితం డీ డ్రైవ్‌లో ఉంటుంది. ట్యాలీప్రైమ్ డేటా సాధారణంగా సీ డ్రైవ్‌లో పబ్లిక్ ఫోల్డర్ కింద ఉంటుంది. వన్‌డ్రైవ్ ఈ రెంటినీ ముట్టదు. రెండో విజిట్‌కు మొదటి కారణం ఇదే కాబట్టి, మార్పిడికి వారం ముందే డీ డ్రైవ్ మొత్తాన్ని విండోస్‌లోని కాపీ టూల్ రోబోకాపీతో ఫైల్ సర్వర్‌కు ఎక్కించారు. రోబోకాపీ డిఫాల్ట్‌గా ఒక ఫైలు తెరుచుకోకపోతే 30 సెకన్లు ఆగి మళ్ళీ ప్రయత్నిస్తుంది, అలా పది లక్షల సార్లు. రీట్రై 1, వెయిట్ 1 అని ఇవ్వకపోతే తెల్లారేసరికి అదే ఫైలు దగ్గర కూర్చుని ఉంటుంది.

ట్యాలీ లైసెన్సు మిషన్‌కు కట్టుబడి ఉంటుంది. పాత సిస్టమ్ తుడిచేముందు ఎఫ్1 నొక్కి సెట్టింగ్స్‌లో లైసెన్స్ సరెండర్ చేయాలి. ఫార్మాట్ కొట్టాక గుర్తొస్తే కొత్తదాంట్లో యాక్టివేట్ కాక ఆ రోజు అకౌంట్స్ ఖాళీగా కూర్చుంటుంది. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ల డ్రైవర్లనూ, జీఎస్టీ సైన్ యుటిలిటీనీ యాప్ జాబితాలో ముందే పెట్టుకోవాలి. అను ఫాంట్లలో టైపు చేసిన పాత తెలుగు ఉత్తరాలు యూనికోడ్ కావు, ఆ ఫాంట్ ఫైళ్ళు కొత్త సిస్టమ్‌లో లేకపోతే అక్షరాల బదులు గందరగోళం కనిపిస్తుంది. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లున్న చోట ప్యారలల్ పోర్టు కొత్త మిషన్లకు ఉండదని గుర్తుంచుకుని, యూఎస్‌బీ పోర్టున్న ప్రింటర్లు ఎన్నో ముందే లెక్కపెట్టారు.

అన్నిటికంటే ఎక్కువ ఓపిక కావాల్సింది కాటా. కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర మిర్చి టిక్కీలతో లారీ కాటా ఎక్కి నిలబడి ఉంటుంది. ఇండికేటర్ మీద బరువు కనిపిస్తుంది, సిస్టమ్‌లో సున్నా. "సార్, కాటా సున్నా చూపిస్తోంది, వెనక అయిదు బళ్ళున్నయ్" అని ఆపరేటర్ ఫోన్. ఇండికేటర్ నుంచి వచ్చేది ఆర్‌ఎస్-232 సీరియల్ కేబుల్, కొత్త సిస్టమ్‌కు ఆ పోర్టు లేదు, మధ్యలో యూఎస్‌బీ కన్వర్టర్ ఉంది. పాత కన్వర్టర్లలో ప్రొలిఫిక్ వారి పీఎల్2303హెచ్ఎక్స్ఏ చిప్ ఉంటే విండోస్ 11 డ్రైవర్ దాన్ని ఒప్పుకోదు. డివైస్ మేనేజర్‌లో పేరుండాల్సిన చోట ఆ చిప్ 2012లోనే ఆపేశామన్న సందేశం పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. కన్వర్టర్ మార్చితే ఇంకో చిక్కు. సీరియల్ నంబరు లేని చిప్ అయితే వేరే యూఎస్‌బీ పోర్టులో పెట్టిన ప్రతిసారీ కామ్ నంబరు (విండోస్ ఇచ్చే సీరియల్ పోర్టు నంబరు) మారుతుంది. సాఫ్ట్‌వేర్ కామ్1 కోసం చూస్తుంటుంది, కన్వర్టర్ కామ్5లో కూర్చుంటుంది. ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్నవి తీసుకుని, డివైస్ మేనేజర్‌లో పోర్ట్ సెట్టింగ్స్ అడ్వాన్స్‌డ్‌లో కామ్1 అని కట్టేసి, ఆ పోర్టు మీద రంగు టేపు అంటించారు. బాడ్ రేటు, పారిటీ లాంటి సీరియల్ సెట్టింగులు పాత సిస్టమ్‌లో ఎలా ఉన్నాయో ఫోటో తీసి పెట్టుకోవాలి.

ఇలా చేసినా తొమ్మిది కాటాల్లో సాఫ్ట్‌వేర్ చేసిన సంస్థ విండోస్ 11 వెర్షన్ ఇంకా ఇవ్వలేదు. ఎక్స్‌టెండెడ్ అప్‌డేట్లు తీసుకున్నది ఆ తొమ్మిదికే. మిర్చి సీజన్ ఫిబ్రవరి నుంచి మే దాకా గేటు దగ్గర ఒక్క కేబుల్ కూడా కదపకూడదని రాతపూర్వకంగా ఒప్పించుకున్నారు.

మార్పిడి రోజు

అకౌంట్స్ సీట్లు 21 నుంచి 27 తేదీల మధ్యే మార్చాలి. జీఎస్టీఆర్-1కు 11, 3బీకి 20 గడువు, నెలాఖరున జీతాలు. మార్చి అసలు వద్దు.

సీటు దగ్గర సమయం మింగేది మిషన్ కాదు, లాగిన్. పాస్‌వర్డ్ గుర్తుండదు, ఓటీపీ వచ్చే ఫోన్ మార్చి ఉంటారు. వారం ముందే ప్రతి ఒక్కరితో ఒకసారి ఫోన్‌లో లాగిన్ చేయించి చూశారు. అప్పటికీ కుదరనివాళ్ళకు ఆ రోజు ఎంట్రాలో టెంపరరీ యాక్సెస్ పాస్ ఇచ్చారు. ఇది చేశాక సీటు దగ్గర పని 35 నిమిషాలకు దిగింది.

స్టేజింగ్ 15, సీటు 35, కలిపి 50 నిమిషాలు. 430కి దాదాపు 358 గంటలు, 45 పనిదినాలు. ఎస్‌ఎస్‌డీ మార్చిన 170కి 70 నిమిషాల చొప్పున 25 దినాలు. పాత పద్ధతిలో 300 పడే చోట 70. పాత పద్ధతికి ఏ అంకె వేసుకున్నా, మీ ఇంజనీరు రోజు ఖర్చుతో గుణించి చూసుకుంటే ఎంత మిగులుతుందో తెలుస్తుంది.

కాగితాలు, పాత మిషన్లు

విజయవాడలో సిద్ధం చేసిన మిషన్లు సొంత బండిలో తెనాలి వెళ్ళినా, సరుకు విలువ 50,000 దాటితే డెలివరీ చలానా, ఈ-వే బిల్లు ఉండాలి. అమ్మకం కాదు కదా అని వదిలేస్తే దారిలో ఆపుతారు. హైదరాబాద్ ఆఫీసుది తెలంగాణ జీఎస్టీ నంబరు, చట్టం దృష్టిలో వేరే వ్యక్తి. విజయవాడ నుంచి పంపితే ట్యాక్స్ ఇన్‌వాయిస్ రాసి ఐజీఎస్టీ వేయాలి. అక్కడి 30 మిషన్లను మాత్రం హైదరాబాద్ నంబరు మీదే కొని నేరుగా అక్కడికే దింపించారు.

ఆదాయపు పన్నులో కంప్యూటర్లకు తరుగుదల 40 శాతం. ఆ ఏడాది 180 రోజుల కంటే తక్కువ వాడకంలో ఉంటే అందులో సగమే. మిగతాది తర్వాతి ఏళ్ళలో వస్తుంది, పోదు. కానీ కోటి రూపాయల మిషన్లు డబ్బాల్లో ఉండి ఆ 180 రోజులు తప్పిపోతే ఆ ఏడాది 20 లక్షల తగ్గింపు వెనక్కి జరుగుతుంది. వాడకం మొదలైన తేదీకి ఆధారంగా ఇంట్యూన్‌లోని ఎన్‌రోల్‌మెంట్ తేదీల రిపోర్టు ఆడిటర్‌కు ఇచ్చారు.

పాతవాటిని పాత ఇనుము కొట్టుకు తూకానికి వేయడం కుదరదు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం పెద్ద కంపెనీలు రిజిస్టరైన రీసైక్లర్‌కో, రీఫర్బిషర్‌కో, తయారీదారుకో మాత్రమే ఇవ్వాలి. ఎస్‌ఎస్‌డీని మామూలుగా ఫార్మాట్ కొడితే డేటా చెరిగినట్టు కాదు, బయోస్‌లోని సెక్యూర్ ఎరేజ్ వాడాలి. అలమరాలోని హెచ్‌డీడీలు 30 రోజులు నిండాక సీటు నంబరు, సీరియల్ నంబరు సరిచూసి నలిపించారు. ప్రతి వారం ఒక లాట్ లోపలికి వచ్చిన రోజే ముందు లాట్ పాతవి బయటికి పోవాలన్నది నియమం. ఆలస్యమైతే బైబ్యాక్ ధర పడిపోతుంది, గదీ నిండిపోతుంది.

వారంటీలో మదర్‌బోర్డు మారితే హార్డ్‌వేర్ హ్యాష్ మారుతుంది, ఆటోపైలట్‌లో పాతది తీసి కొత్తది ఎక్కించాలి. సర్వీస్ ఇంజనీరు సంతకం చేయించుకునే కాగితంలో ఈ ఒక్క లైను చేర్చారు. తొమ్మిది కాటాలకు కొన్న కన్వర్టర్లు, రంగు టేపు సీలు వేసిన కవర్లలో గుంటూరు స్టోర్‌లో ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ రాగానే, సీజన్ ముగిశాక, ఖాళీ లారీ ఒకటి ఎక్కించి బరువు సరిచూసుకుని అవి మారతాయి.